ఎవరినీ ఇంటికి పంపను

నవంబర్ 21

చెప్పేశాను. చర్చి కింద హాల్లో, సీజను ముగింపు భోజనాల దగ్గర, అందరి ముందూ లేచి నిలబడి, గ్లాసు మీద చెంచాతో కొట్టి మరీ చెప్పేశాను. "ఈ చలికాలం నేను ఎవరినీ ఇంటికి పంపను. లేఆఫ్ అన్న మాటే లేదు. ఏప్రిల్ దాకా అందరికీ పని ఉంటుంది, జీతం ఉంటుంది."

ఈ చుట్టుపక్కల తోటపని కంపెనీ నడిపేవాళ్లు ఎవరైనా ఇంత మాట అన్నారా? నేల గడ్డకట్టగానే మనుషుల చేతిలో లేఆఫ్ కాగితం పెట్టి చేతులు దులుపుకుంటారు. పోయినేడు నేనూ అదే చేశాను, బాగా అనుభవించాను. ఏప్రిల్లో నేల మెత్తబడ్డాక తిరిగి వచ్చింది యూసెబియో ఒక్కడే. మిగతావాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. కొత్తవాళ్లను పెట్టుకున్నాను. వాళ్లలో ఒకడు లిండ్‌క్విస్ట్ గారి పెరట్లో పియనీ పూల మొక్కల్ని కలుపు అనుకుని మొదలంటా కోసిపారేశాడు. ఆవిడ అమ్మ చేత్తో నాటిన మొక్కలు. ఆవిడ నన్నేమీ అనలేదు, వాకిట్లో నిలబడి ఏడ్చింది. నాకు తలకొట్టేసినట్టయింది.

మళ్లీ అలాంటి వేసవి నా వల్ల కాదు. యూసెబియో ఉంటే వాడి బావమరిది నికనోర్ ఉంటాడు. ఆ ఇద్దరూ ఉంటే కొత్తగా చేరిన వాగుడుకాయ డేల్‌ను ఎలాగోలా భరించవచ్చు. యూసెబియో పోతే నాకు కంపెనీ లేనట్టే.

డేల్ ఈల వేశాడు. నికనోర్‌కు వాళ్ల భాషలో బావ చెప్పాక అతనూ చప్పట్లు కొట్టాడు. యూసెబియో మాత్రం పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. పాపం, సంతోషంతో నోట మాట రాలేదు. పన్నెండేళ్లుగా చూస్తున్నాను కదా, మనిషి అలాంటివాడే.

నవంబర్ 30

లైట్ల పని మొదలైంది. బ్యాంకుకు, పళ్ల డాక్టరు ఇంటికి, చెరువు ఒడ్డున పెద్ద ఇళ్లన్నింటికీ చూరు వెంట క్రిస్మస్ లైట్లు కడుతున్నారు. నికనోర్ నిచ్చెన మీద పాటలు పాడుతున్నాడు. ఇంత సుఖంగా చలికాలం మొదలవడం నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన ఓరిన్ టీవీ ముందు నుంచి లేవకుండానే అడిగాడు. "మంచు పడకపోతే ఏం చేస్తావు?"

"మిన్నెసోటాలో మంచు పడకపోవడమా? ముప్పై ఏళ్లు ఆ మంచులో ఉత్తరాలు పంచిన మనిషివి, నువ్వేనా అడిగేది?"

"అందుకే అడుగుతున్నా. పడమన్నప్పుడు ఎన్నడూ పడలేదు."

ఈయనకు నా మంచి చూస్తే ఒళ్లు మంట. పోయిన రెండు చలికాలాలూ ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. నేనేమో పార్కింగుల్లో మంచు నెట్టడానికి సీజను మొత్తానికి ఒకే ధర మాట్లాడుకున్నాను. ఎన్నిసార్లు నెట్టినా అదే డబ్బు. డీజిలుకు, రోజు కూలి డ్రైవర్లకు పోసి పోసి నడుం విరిగింది. అందుకే మొన్న వేసవిలో అన్ని ఒప్పందాలూ మార్చేశాను. వచ్చి నెట్టిన ప్రతిసారికీ లెక్క. మంచు రెండు అంగుళాలు దాటితే బండి కదులుతుంది, డబ్బు వస్తుంది. ఆరోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

డిసెంబర్ 9

ఇంకా పడలేదు. ఊరంతా గోధుమ రంగులో ఉంది. లైట్ల పని అయిపోయింది. గడ్డి కోసే యంత్రాల బ్లేడులన్నీ సాన పట్టించాను. మామూలుగా మార్చిలో చేసే పని అది. ముందే అయిపోయింది, మంచిదే.

డిసెంబర్ 13

పడలేదు.

డిసెంబర్ 18

పడింది! తెల్లారేసరికి కిటికీ బయట తెల్లగా కనిపించింది. నైటీ మీదే కోటు వేసుకుని షెడ్డుకు పరిగెత్తాను. ముగ్గురూ అప్పటికే వచ్చేశారు. అందరం క్లినిక్ పార్కింగుకు వెళ్లాం. యూసెబియో స్కేలు గుచ్చి చూశాడు.

"ఒక అంగుళం మేడమ్."

"ఇంకోచోట చూడు."

"ఇక్కడ అంగుళం కూడా లేదు."

డేల్ స్కేలు లాక్కుని కాలువ గట్టు దగ్గర, గాలికి మంచు పోగుపడిన చోట గుచ్చాడు. "ఇదిగో మార్లిస్, మూడు అంగుళాలు! ఫోటో తీసుకో. కాలువలో ఎవరైనా కారు పెట్టుకుంటే నెట్టేద్దాం."

నికనోర్ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. మధ్యాహ్నానికి అదంతా కరిగి కాలువలోకి పోయింది. ఎవరికీ బిల్లు పంపలేదు. పంపడానికి ఏముంది?

డిసెంబర్ 24

వాన. క్రిస్మస్ ముందురోజు వాన!

జనవరి 6

లైట్లు విప్పడం కూడా అయిపోయింది. చుట్టలు చుట్టి, డబ్బాల్లో సర్ది, ఏ డబ్బా ఎవరిదో రాసి పెట్టారు. ఇంక పని లేదు.

పని లేకపోవడమేంటి? ఉంది. మంచు నెట్టే బ్లేడులకు పసుపు రంగు వేయించాలి. షెడ్డుకు ఆకుపచ్చ రంగు వేయించాలి. కుండీలు కడిగించాలి. వారానికి మూడు రోజుల పనికి ఢోకా లేదు. పూర్తి వారం ఇవ్వలేను, చేతిలో అంత లేదు. కానీ మూడు రోజులంటే మాటలా? మాకు పోటీ బ్రికర్ కంపెనీ వాళ్లు డిసెంబర్ మొదట్లోనే అందరికీ కాగితాలు ఇచ్చి పంపేశారు.

ఓరిన్ అన్నాడు, "బ్రికర్ మనుషులు ఇంట్లో కూర్చుని వారం వారం నిరుద్యోగ భృతి తీసుకుంటున్నారు. ఆ పొడుగాయన కనిపించాడు బేకరీలో. హాయిగా ఉన్నాడు."

"సర్కారు సొమ్ము తినడం నా మనుషులకు నచ్చదు."

"వాళ్లను అడిగావా?"

అడగడమెందుకు? నాకు తెలియదా?

జనవరి 10

ఈరోజు జరిగింది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను ఆఫీసు గదిలో విత్తనాల జాబితా చూస్తున్నాను. యూసెబియో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

"మేడమ్, ఒక మాట."

"రా, కూర్చో. కాఫీ ఉంది."

కూర్చోలేదు. "మమ్మల్ని లేఆఫ్ చేసేయండి."

"ఏమన్నావ్?"

"ముగ్గుర్నీ. అందరూ చేసేదే కదా. కాగితం ఇస్తే సర్కారు భృతి వస్తుంది. ఇక్కడ మూడు రోజులకు వచ్చేదానికంటే అది ఎక్కువ. ఏప్రిల్ దాకా దానితో ఈదేస్తాం. ఇప్పుడు పని ఉన్నట్టా అంటే లేదు, లేనట్టా అంటే లేనట్టూ కాదు. ఇలా ఉంటే సర్కారు వాళ్లు చిల్లర విదిలిస్తారు, అంతే."

"మంచు పడనీ. వారమంతా పనే."

"పడుతుంది మేడమ్. అది పడేదాకా అద్దెకు ఇంటాయన ఆగడు."

"నేను మాటిచ్చాను యూసెబియో. అందరి ముందూ."

"ఆ మాట మీకు తిరిగి ఇచ్చేస్తున్నాం."

ఎంత నెమ్మదిగా అన్నాడో! ఒళ్లు మండిపోయింది. ఈ జిల్లాలో ఎవరూ చేయని మేలు చేస్తుంటే, తిరిగి ఇచ్చేస్తారట. నేనేమన్నా వాళ్లకు పాత కోటు ఇచ్చానా, సరిపోలేదని వెనక్కి తేవడానికి? "ఆలోచిస్తాలే" అని పంపేశాను.

ఇదంతా బ్రికర్ వాళ్ల పని. ఎవరో చెవిలో ఊదారు. పన్నెండేళ్లుగా నా దగ్గర ఉన్న మనిషి, వాడికి ఇలాంటి ఆలోచనలు తనంతట తను రావు.

రాత్రి అన్నం దగ్గర ఓరిన్‌కు చెప్పాను. మాంసం కోసుకుంటూ అన్నాడు, "నువ్వు వాళ్లకు పని ఇవ్వట్లేదు మార్లిస్. నీకు భయమేస్తే పక్కన కూర్చోవడానికి మనుషుల్ని పెట్టుకున్నావు."

ఆయన పళ్లెం ఆయన్నే కడుక్కోమన్నాను.

జనవరి 17

షెడ్డు రంగు అయిపోయింది. బ్లేడులు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి, ఒక్కదానికీ గీత పడలేదు. అందుకని ఈ వారం ముగ్గుర్నీ మా ఇంటికే రమ్మన్నాను. బాత్రూముకు రంగు, కింది గది సర్దడం, పాత పొయ్యి బయట పడేయడం. చాలా రోజులుగా చేయించాలనుకుంటున్న పనులే.

మధ్యాహ్నం వచ్చేసరికి ఓరిన్, నికనోర్ వంటింటి బల్ల దగ్గర పేకాడుతున్నారు. ఓరిన్ బనీను మీద ఉన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరూ ఒకరినొకరు దొంగ అని తిట్టుకుంటున్నారు. నన్ను చూసి నికనోర్ ఠక్కున లేచి నిలబడ్డాడు, పేకముక్కలు కింద పడ్డాయి. ముఖం ఎర్రబడిపోయింది.

"కూర్చో, కూర్చో," అన్నాను. కూర్చోలేదు. గబగబా చీపురు పట్టుకుని, అప్పటికే ఊడ్చిన మెట్లు మళ్లీ ఊడ్చాడు.

యూసెబియో బాత్రూములో మోకాళ్ల మీద కూర్చుని గోడ అంచుకు రంగు వేస్తున్నాడు. గీత ఎంత తిన్నగా వేశాడో. నేను మెచ్చుకుంటే "థాంక్స్ మేడమ్" అన్నాడు. అంతే. ఈమధ్య నాతో అంతకంటే ఎక్కువ మాట్లాడటం లేదు.

జనవరి 24

నాకు దిగులేం లేదు.

జనవరి 30

డేల్ పని మానేసి పోయాడు.

ఆకుపచ్చ బాగా లేదని షెడ్డుకు ఎరుపు వేయమన్నాను. నిజంగానే బాగా లేదు, నాచు పట్టినట్టుంది. డేల్ ఒక గోడ పూర్తి చేసి, నిచ్చెన దిగి, నా దగ్గరకు వచ్చాడు.

"మార్లిస్, ఈ నెల మొదట్లో ఆకుపచ్చ వేయమన్నావు. ఇప్పుడు ఎరుపు. వచ్చే నెల పూలు వేయమంటావా? వేస్తా, నాకు గులాబీలు వచ్చు."

"నీ వేళాకోళం ఆపి పని చూడు."

"ఇది పని కాదు. ఇది పనైతే నేనెందుకు సిగ్గుపడతాను? నా పెళ్లాం రోజూ అడుగుతోంది, ఇవాళ ఏం చేశావని. ఏం చెప్పను? నిన్న వేసిన రంగు మీద రంగు వేశానని చెప్పనా?"

డేల్ వాళ్ల బావకు గ్యాసు బండి మీద మనిషి కావాలట. వెళ్తున్నానన్నాడు.

"నిన్ను నేను తీసెయ్యలేదు," అన్నాను. "నీ అంతట నువ్వే మానుకుంటున్నావు."

"అవునమ్మా తల్లీ, నేనే మానుకుంటున్నా. కాగితం అడిగితే ఇవ్వవు. మానుకున్నవాడికి సర్కారు చిల్లిగవ్వ ఇవ్వదు. తెలుసు. అయినా పోతున్నా చూడు, అలా ఉంది నీ దగ్గర బతుకు."

అంత కోపంలోనూ బ్రష్షు కడిగి, ఆరబెట్టి మరీ వెళ్లాడు.

వాగుడుకాయ, పోతే పోయాడు. యూసెబియో ఉన్నాడు. నాకు కావలసింది యూసెబియో.

ఫిబ్రవరి 3

నికనోర్ ఈమధ్య అందరికంటే ముందు వస్తున్నాడు. నేను వచ్చేసరికే షెడ్డులో సింకు దగ్గర గడ్డం గీసుకుంటూ కనిపిస్తాడు. తువ్వాలు, సబ్బు అన్నీ సంచిలో తెచ్చుకుంటాడు. పని మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఓరిన్‌కు చెప్పాను. ఓరిన్ నా ముఖంలోకి చూశాడు.

ఫిబ్రవరి 8

పడలేదు. ఈ మాట రాయడానికి కూడా విసుగ్గా ఉంది. చెరువు కూడా సరిగ్గా గట్టిపడలేదట, చేపలకు వెళ్లేవాళ్లు ఒడ్డునే నిలబడి తిట్టుకుంటున్నారు. ఊరు ఊరంతా ఏదో పోగొట్టుకున్నట్టుంది.

ఫిబ్రవరి 13

టీవీలో మూడు రోజులుగా ఒకటే మాట. పెద్ద తుఫాను, అడుగు మంచు, ఇళ్లలోంచి బయటికి రాకండి. ముళ్ల మీద కూర్చున్నట్టు ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. బండ్లలో డీజిలు నింపించాను. ఉప్పు బస్తాలు ఎక్కించాను. ముగ్గురికీ... ఇద్దరికీ భోజనం కట్టి తీసుకెళ్లాను. తెల్లారక ముందే షెడ్డులో కూర్చున్నాం. హీటరు చుట్టూ బక్కెట్లు బోర్లించుకుని.

మొదటి మంచు రేకులు రాలేసరికి నికనోర్ లేచి గంతులేశాడు. నేను చప్పట్లు కొట్టాను. యూసెబియో కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "వెళ్దామా మేడమ్?" "ఉండు, రెండు అంగుళాలు కానీ."

అరగంటలో అది చినుకులుగా మారింది. తర్వాత వాన. తుఫాను దక్షిణంగా అయోవా మీదికి పోయిందట. మేం ముగ్గురం తలుపు దగ్గర నిలబడి వాన చూశాం. కాసేపటికి నికనోర్ వెనక్కి వెళ్లి ఉప్పు బస్తాల మీద పడుకుని నిద్రపోయాడు. చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

యూసెబియో అన్నాడు, "ఇక చాలు మేడమ్. వదిలేయండి."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. వాన మీద కోపం, టీవీ మీద కోపం, అన్నీ కలిపి వాడి మీద చూపించాను. "ఎవరు పట్టుకున్నారు నిన్ను? తలుపు తెరిచే ఉంది. పోవాలనుంటే పో."

"ఆ తలుపు నేను తెరుచుకుని పోతే నా పిల్లల నోట్లో మట్టే. డేల్‌కు భృతి చిల్లిగవ్వ రాలేదు, చూశారుగా. మీరే తెరవాలి. ఆ సంగతి మీకూ తెలుసు."

"నాకేం తెలుసు?"

వాడు వెనక్కి వెళ్లాడు. బావమరిదిని తట్టి లేపి, ఇద్దరూ వానలో నడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 14

తెలుసు.

ఫిబ్రవరి 15

నవంబర్‌లోనే తెలుసు. గ్లాసు మీద చెంచాతో కొట్టేటప్పుడే తెలుసు. ఇక్కడ రాసుకోవడానికేం సిగ్గు, ఇది ఎవరూ చదవరు.

లేఆఫ్ చేస్తే వాళ్లు నా మనుషులు కారు. ఇంట్లో కూర్చుంటారు, అటూ ఇటూ చూస్తారు, ఇంకెవరో పిలుస్తారు, ఏప్రిల్లో రారు. మూడు రోజుల పని పడేస్తూ ఉంటే ఎటూ పోలేరు. తమంతట తాము మానుకుంటే ఏమీ రాదు కాబట్టి మానుకోలేరు. ఏప్రిల్ వచ్చేసరికి నా షెడ్డులోనే ఉంటారు. ఇదీ నా లెక్క. దీనికి దయ అని పేరు పెట్టుకుని, చర్చి హాల్లో అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నాను. ఛీ.

డేల్‌కు ఇప్పుడు కాగితం ఇవ్వడానికి వీల్లేదు. వాడు మానుకున్నట్టే లెక్క. ఆ నష్టం నా వల్లే జరిగింది, ఇంక దిద్దలేను.

మధ్యాహ్నం ఓరిన్ కాఫీ కలిపి తెచ్చి పక్కన పెట్టి వెళ్లాడు.

ఫిబ్రవరి 17

కాగితాలు పట్టుకుని యూసెబియో ఇంటికి వెళ్లాను. పన్నెండేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. రైలు పట్టాల అవతల, కోళ్ల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఇల్లు. ముందు చిన్న గడ్డి చెక్క. ఇంత చలిలోనూ అంచులు కత్తిరించినట్టున్నాయి.

యూసెబియో పెళ్లాం అంపారో తలుపు తీసింది. నన్ను చూసి భయపడింది. "ఏమైనా అయిందా మేడమ్?" అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంది. యూసెబియో ఇంట్లోనే ఉన్నాడు, వెనక నుంచి వచ్చాడు. నేను గుమ్మంలో కనిపించానంటే చెడు కబురే అనుకుంది.

లోపలికి పిలిచారు. ముందు గదిలో గోడకు రెండు పరుపులు నిలబెట్టి ఉన్నాయి. మూల సంచులు, పిల్లల బూట్లు, గిన్నెల అట్టపెట్టె. నికనోర్, చంకలో బిడ్డతో అతని పెళ్లాం రోసాల్బా లేచి నిలబడ్డారు. ఇంకో పిల్ల నేల మీద బొమ్మ గీస్తోంది.

"వీళ్లు ఇక్కడ..." అన్నాను.

"అద్దె కట్టలేదని వాళ్ల ఇంటాయన ఖాళీ చేయించాడు," అన్నాడు యూసెబియో. "జనవరి చివర్లో. ఇక్కడే సర్దుకుంటున్నాం. ఉన్నది ఒకటే బాత్రూము, పొద్దున్నే అందరికీ కుదరదు."

షెడ్డులో సింకు. గడ్డం గీసుకుంటున్న నికనోర్. పని మీద శ్రద్ధ అనుకున్నాను. నా మొహం శ్రద్ధ!

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

యూసెబియో నా కళ్లలోకి చూసి చెప్పాడు. "చెబితే ఇంకో గోడకు రంగు వేయమనేవారు."

"ఊరుకో!" అని అంపారో వాడి భుజం మీద ఒక్కటి వేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మొక్కజొన్న పిండితో కాచిన వేడి చాక్లెట్టు గిన్నెలో పోసి చేతికిచ్చింది. వద్దంటే వినలేదు. తాగాను. చాలా చిక్కగా, తియ్యగా ఉంది.

కాగితాలు ఇచ్చాను. యూసెబియో పెద్దగా చదివాడు, నికనోర్‌కు అర్థమయ్యేలా ఒక్కో ముక్కా చెప్పాడు. కారణం దగ్గర "పని లేదు" అని రాశాను. ఆ మాట చదివినప్పుడు రోసాల్బా కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. దండం పెట్టుకుంటోందని తర్వాత తెలిసింది. ఈ చలికాలమంతా వాళ్లకు ఏదో ఇస్తున్నాననుకున్నాను. వాళ్లు నా దగ్గర నుంచి సంతోషంగా తీసుకున్నది ఇదొక్కటే.

ఏప్రిల్ సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంకా ఆ ప్రశ్న అడిగే ముఖం నాకు లేదు.

గుమ్మం దాకా వచ్చి యూసెబియో "జాగ్రత్తగా వెళ్లండి" అన్నాడు. అంతే అన్నాడు.

ఫిబ్రవరి 22

షెడ్డు ఖాళీగా ఉంది. ఒక గోడ ఎరుపు, మూడు గోడలు ఆకుపచ్చ. అలాగే ఉండనీ.

బ్రికర్ వాళ్లు తుఫాను వస్తే రోజు కూలికి మనుషుల్ని పిలవడానికి పేర్లు రాసుకుంటున్నారట. ఓరిన్ బేకరీలో విన్నాడు. ఎవరెవరి పేర్లో అడగబోయి ఊరుకున్నాను. తినాలనిపించడం లేదు.

ఫిబ్రవరి 27

రాత్రంతా పడింది. పొద్దున తలుపు తీస్తే మంచు ఒకపట్టాన తెరుచుకోనివ్వలేదు. మోకాలి లోతు. ఇంకా పడుతోంది. కావాలని ఏడ్చినప్పుడు రాకుండా, అందర్నీ పంపేశాక వచ్చింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు. బ్యాంకు వాళ్లు చేశారు. చర్చి పాస్టరు గారు చేశారు.

యూసెబియో ఇంటికి ఫోన్ చేశాను. అంపారో తీసింది.

"పూర్తి కూలి ఇస్తాను, ఈ ఒక్కరోజుకూ రమ్మని అడుగుదామని..."

"అయ్యో మేడమ్, తెల్లారక ముందే బ్రికర్ వాళ్ల బండి వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లింది."

"సరే అంపారో, మంచిది," అని పెట్టేశాను. మంచిదేనట! నేనే కదా తలుపు తెరిచింది. తెరిచాక ఎవరు ఎటు పోతే నాకేం? అని నాకు నేను ఎంత చెప్పుకున్నా లోపల ఆరని మంట.

బండి నేనే తీశాను. చాలా ఏళ్లయింది నడిపి. ఓరిన్ బ్లేడు తగిలించి, నట్లు బిగించి, నడుముకు పట్టీ కట్టుకుని, పార పట్టుకుని పక్కన ఎక్కాడు. "దిగు, నీ నడుం విరుగుతుంది," అన్నాను. "నోరు మూసుకుని పోనీ," అన్నాడు.

క్లినిక్ పార్కింగు మొదలుపెట్టాం. మంచులో నేల ఎక్కడ ముగిసి గడ్డి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. బ్లేడు ఒకటి రెండుసార్లు దేనికో తగిలి బండి ఎగిరింది. ఎదురుగా రోడ్డు అవతల హార్డ్‌వేర్ షాపు ముందు బ్రికర్ వాళ్ల నీలం బండి మంచు నెడుతోంది. నేను చూడనట్టే నడిపాను. ఓరిన్ చూశాడు. "మనవాడే," అన్నాడు.

"మనవాడు కాదు," అన్నాను.

కాసేపటికి ఆ నీలం బండి ఆగింది. యూసెబియో దిగాడు, ఒంటి మీద బ్రికర్ వాళ్ల కోటు. రోడ్డు దాటి నేరుగా మా వైపు వస్తున్నాడు. నేను అద్దం దించాను. ఏమంటాడో, ఏమనాలో తెలియలేదు. వాడు నా వైపు చూడనే లేదు. బండి ముందుకు వెళ్లి, మంచులో మోకాళ్ల మీద కూర్చుని, బ్లేడు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"ఎవరు బిగించారు దీన్ని?"

ఓరిన్ అవతలి కిటికీలోంచి చర్చి గోపురం చూస్తున్నాడు.

"బ్లేడు నేలకు రాసుకుంటోంది. ఇలాగేనా బిగించేది?" జేబులోంచి రెంచి తీసి రెండు వైపులా నట్లు వదులు చేసి, బ్లేడు పైకెత్తి మళ్లీ బిగించాడు. లేచి నా వెనక్కి వేలు చూపించాడు. కిటికీలోంచి తల బయట పెట్టి చూశాను. నేను నడిపిన దారి పక్కన, మంచులోంచి నల్లటి మట్టి, పచ్చిక చాపలా చుట్టుకుని లేచి ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా.

"అటు చూడండి. కళ్లెక్కడ పెట్టుకుని నడుపుతున్నారు? అదంతా నేను పరిచిన గడ్డి!" పన్నెండేళ్లలో వాడు నా మీద గొంతు ఎత్తింది ఇదే మొదటిసారి. "ఏప్రిల్లో మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ అంతా పరిచేది ఎవరనుకుంటున్నారు? మీరా? ఈయనా?"

నేను మింగేసిన ఏప్రిల్ మాట వాడే అనేశాడు. మంచు దులుపుకుంటూ రోడ్డు దాటి నీలం బండి ఎక్కాడు.

"ఏమంటాడు?" అన్నాడు ఓరిన్, అంతా విని కూడా.

"తిట్టాడు," అన్నాను.

సాయంత్రం దాకా అంచులకు దూరంగా, మెల్లగా నడిపాను.